పడమటి గోడ రాత్రి పదకొండైనా చల్లారడం లేదంటే

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. చదవనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. హనుమకొండలో తాతగారి కాలం నాటి ఇల్లు. ముందు రెండు అర్రలకు రాయి, మట్టితో కట్టిన 18 అంగుళాల గోడలు, పైన బెంగళూరు పెంకులు. వెనక మీ నాన్నగారు 1994లో 9 అంగుళాల ఇటుక గోడలతో కట్టించిన స్లాబ్ గది. అమ్మానాన్నలు పడుకునేది అందులోనే. ఏప్రిల్ వచ్చిందంటే ఆ గది పడమటి గోడ రాత్రి పదకొండింటికి కూడా వేడిగా తగులుతుంది, ఏసీ ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. ఇంటీరియర్ పనిచేసే ఒకాయన లోపల థర్మకోల్ పెట్టి జిప్సం బోర్డు కొడతానన్నాడు. పెయింట్ షాపాయన హీట్‌ప్రూఫ్ పెయింట్ లోపల రెండు కోట్లు వేస్తే చాలన్నాడు. ఇద్దరిలో ఎవరి మాట వినాలని అడిగారు. ముందు అర్రల రాతిగోడలకు సిమెంటు ప్లాస్టరింగ్ చేయించాలా, ఇవన్నీ అయ్యాక కూలర్ తీసేయొచ్చా అని కూడా.

ఇద్దరి మాటా వినకండి. ఆ గోడకు చేసేదేదైనా బయటి నుంచి చేయాలి, లోపల ఏదీ వద్దు. ఇంకో మాట, మీరు డబ్బు పెట్టాల్సిన మొదటి చోటు గోడ కాదు.

మా నాయన సుతారి మేస్త్రి. నేను చదువుకుని సైట్ ఇంజినీరునయ్యాను గానీ, పని నేర్చింది ఆయన వెంట తిరిగే. ఇప్పుడు రిటైరయ్యాను. వరంగల్, కాజీపేట, జనగామ వైపు పాత ఇళ్ల రిపేర్లే ఎక్కువ చేశాను. కింద చెప్పేవాటిలో సగం చేయించి నేర్చుకున్నవి, మిగతా సగం తప్పు చేసి నేర్చుకున్నవి.

ముందు ఆ గోడ ఏం చేస్తోందో చూడండి. ఇటుక గోడ వేడిని ఆపదు, దాచుకుంటుంది. 9 అంగుళాల గోడకు బయట తగిలిన వేడి లోపలి ముఖానికి చేరడానికి ఆరేడు గంటలు పడుతుంది. పడమటి ఎండ మధ్యాహ్నం మూడు, నాలుగింటికి గట్టిగా కొడుతుంది. దానికి ఆరేడు గంటలు కలిపితే సరిగ్గా అమ్మానాన్నలు పక్క వేసుకునే టైమ్. తూర్పు గోడ మీద కూడా దాదాపు అంతే ఎండ పడుతుంది, కానీ పొద్దున గాలి చల్లగా ఉంటుంది, పైగా ఆ గోడ కక్కే వేడి మధ్యాహ్నం వస్తుంది, అప్పుడు ఆ గదిలో ఎవరూ ఉండరు. అందుకే అందరూ పడమటి గోడనే తిడతారు.

మనం ఉన్నది 18 డిగ్రీల అక్షాంశం మీద. మే రెండో వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదుంటాడు, నిలబెట్టిన కర్రకు నీడ పడదు. ఆ తర్వాత ఇంకా ఉత్తరానికి జరుగుతాడు. అంటే మే, జూన్ నెలల్లో దక్షిణపు గోడకు ఎండ దాదాపు తగలదు. "నాలుగు గోడలకూ ఇన్సులేషన్ చేద్దాం సార్" అని ఎవరైనా కొటేషన్ ఇస్తే అందులో రెండు గోడల డబ్బు దండగ. ఎండ నెత్తిన ఉన్నప్పుడు దెబ్బంతా పైకప్పుదే. మన వేసవిలో రోజు మొత్తం మీద చదరపు మీటరు స్లాబ్ మీద పడే ఎండ, చదరపు మీటరు పడమటి గోడ మీద పడేదానికి సుమారు రెట్టింపు ఉంటుంది.

లెక్క వేసి చూపిస్తాను, కోప్పడకండి, చిన్నదే. మీ గది 12 అడుగులకు 12, ఎత్తు 10 అడుగులు అనుకుందాం. పడమటి గోడ 11 చదరపు మీటర్లు. సాయంత్రం బయటి ముఖం 55 డిగ్రీలు, లోపల గది 30 డిగ్రీలు అనుకుంటే, రెండు వైపులా ప్లాస్టరింగ్ ఉన్న 9 అంగుళాల ఇటుక గోడ గుండా లోపలికి వచ్చేది 600 వాట్ల చిల్లర. అదే లెక్కన స్లాబ్ చూడండి. అయిదంగుళాల కాంక్రీటు, వైశాల్యం 13 చదరపు మీటర్ల పైచిలుకు, పైముఖం 60 డిగ్రీలు. వచ్చే వేడి దాదాపు 1500 వాట్లు. ఇక పడమటి వైపు 4 అడుగులకు 4 అడుగుల అద్దాల కిటికీ ఉందన్నారు. దాని మీద నేరుగా ఎండ పడినంతసేపు అదొక్కటే 600, 700 వాట్లు లోపలికి పంపుతుంది. మొత్తం గోడ ఎంతో ఆ ఒక్క కిటికీ అంత! ఇవి ఒకే నిమిషంలో కలిసి వచ్చేవి కావు, కిటికీది అప్పటికప్పుడు, స్లాబ్‌ది నాలుగైదు గంటలకు, గోడది ఇంకా ఆలస్యంగా వస్తుంది. అయినా ఎవరి వాటా ఎంతో తెలుస్తుంది కదా. గోడ చేతికి అందుతుంది కాబట్టి ముట్టుకుని చూసి దాన్నే నిందిస్తాం. స్లాబ్ అందదు.

నమ్మకం లేకపోతే దూరం నుంచి ఉష్ణోగ్రత చూపించే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి సంపాదించండి. కరోనా టైమ్‌లో నుదుటికి పెట్టిన రకం కాదు, మెకానిక్‌లు వాడేది. సాయంత్రం నాలుగింటికి, రాత్రి తొమ్మిదింటికి, పన్నెండింటికి నాలుగు గోడలూ, సీలింగూ, నేలా చూసి కాగితం మీద రాసుకోండి. రెండు రోజులు చాలు. మెరిసే ఫాయిల్ మీద, స్టీలు మీద అది తప్పు చూపిస్తుంది, సున్నం గోడకు బాగానే పనిచేస్తుంది.

కాబట్టి మొదట స్లాబ్. తక్కువ ఖర్చులో అయ్యేది తెల్ల కోటింగ్. పైన నాచు, దుమ్ము గీకి కడిగి, పగుళ్లు పూడ్చి, మంచి కూల్‌రూఫ్ పెయింట్ రెండు కోట్లు వేయించండి. ఎండకు నల్లబడిన స్లాబ్‌కూ, అప్పుడే తెల్లగా వేసినదానికీ మిట్టమధ్యాహ్నం పైముఖంలో పది డిగ్రీలకు పైగా తేడా నేనే చూశాను. సున్నం కొట్టినా మొదటి ఏడాది అదే ఫలితం, కాకపోతే ఒక వానాకాలంతో కొట్టుకుపోతుంది. తెల్లదనమే ఇక్కడ పని చేసేది, కాబట్టి ఏటా మార్చిలో ఒకసారి కడగాలి. దుమ్ము పట్టిన తెల్ల పెయింట్ బూడిదరంగు పెయింటే. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఇందుకే.

డబ్బుంటే ఇంకో మెట్టు: వాటర్‌ప్రూఫింగ్ చేసి, దాని మీద రెండంగుళాల ఎక్స్‌పీఎస్ షీట్లు (థర్మకోల్ జాతివే, ఇంకా గట్టివి) పరిచి, పైన వాలు కాంక్రీటు వేసి, తెల్ల టైల్స్ ముక్కలతో చైనా మొజాయిక్. ఇది చేస్తే స్లాబ్ గొడవ తీరిపోతుంది. ఒక జాగ్రత్త. రెండంగుళాల కాంక్రీటు అంటే చదరపు మీటరుకు 120 కిలోల అదనపు బరువు. స్లాబ్ కింద ఎక్కడైనా పెచ్చులూడి చువ్వలు కనిపిస్తున్నాయంటే ఆ బరువు ఎక్కించకండి, ముందు స్లాబ్ సంగతి ఒక ఇంజినీరుకు చూపించండి.

రెండోది కిటికీ. లోపల ఎంత మందం కర్టెన్ వేసినా ఎండ అప్పటికే అద్దం దాటి వచ్చేసింది, కర్టెన్ వేడెక్కి ఆ వేడి గదిలోనే ఉంటుంది. అడ్డు అద్దానికి బయట ఉండాలి. వెదురు తడక కావచ్చు, గ్రీన్ నెట్ కావచ్చు, రేకు తెర కావచ్చు. పడమటి ఎండ వాలుగా వస్తుంది కాబట్టి ఒకటిన్నర అడుగు సజ్జ దాన్ని ఆపలేదు, కిటికీ ముందు నిలువుగా వేలాడే అడ్డే కావాలి. మా చిన్నప్పుడు వేసవిలో వట్టివేళ్ల తడకలు కట్టి నీళ్లు చల్లేవాళ్లు. ఇప్పుడవి దొరకాలేగానీ దానికి మించింది లేదు, ఆ వాసనతో సహా.

ఈ రెండూ చేసి ఒక వేసవి గడపండి. సగం మంది అక్కడితో ఆగిపోతారు. ఇంకా గోడ సతాయిస్తుందంటే అప్పుడు గోడ.

గోడకు ఇన్సులేషన్ అంటే ఏదో మందు పూయడం కాదు. కదలని గాలిని బంధించడం. థర్మకోల్‌లో 98 శాతం గాలే. మనకు ఇది కొత్త విద్య కూడా కాదు. పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడి శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలతాయని మన జిల్లాల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అంత తేలిక ఎందుకంటే లోపలంతా సన్నని రంధ్రాలు, రంధ్రాల్లో గాలి. వాళ్లు శిఖరం బరువు తగ్గించడానికి చేశారు, మనం వేడి తగ్గించడానికి చేస్తాం, సూత్రం ఒకటే. ఇప్పటి ఏఏసీ బ్లాక్ (లోపలంతా గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు ఇటుక) కూడా దాని మనవడే.

ఈ గాలి పొరను గోడకు బయట పెట్టాలా, లోపల పెట్టాలా అన్నదే మీ ప్రశ్నలో అసలు సంగతి. లోపల పెడితే గోడ ఎప్పట్లాగే ఎండలో కాగుతుంది, ఆ వేడి లోపలికి రాకుండా బోర్డు దగ్గర ఆగుతుంది. బయట పెడితే గోడే కాగదు. గోడ నీడలో ఉన్నట్టుంటుంది, మీ ఏసీ చల్లదనాన్ని అది దాచుకుంటుంది, రాత్రి రెండింటికి కరెంటు పోయినా గంటసేపు గది చల్లగా ఉంటుంది. లోపల వేసేదానికి ఒక మంచి గుణం లేకపోలేదు. రోజుకు గంటో రెండు గంటలో ఏసీ వేసుకునే ఆఫీసు గదైతే, గోడను చల్లబరిచే పని లేదు కాబట్టి గది త్వరగా చల్లబడుతుంది. మీది రాత్రంతా మనుషులు పడుకునే గది, అది మీకు పనికిరాదు.

లోపల వద్దనడానికి నాకు సొంత కారణం ఉంది. 2009లో మా ఇంట్లో పడమటి గదికి నేనే చెక్క ఫ్రేము కొట్టించి, థర్మకోల్ పెట్టి, ప్లైవుడ్ వేయించాను. ఇంజినీరుననే ధీమా. మొదటి వేసవి అద్భుతం, చుట్టాలందరికీ చూపించుకున్నాను. మూడో వానాకాలం గదిలో ముక్క వాసన మొదలైంది. ప్లైవుడ్ మీద కొడితే డొల్లగా మోగింది. విప్పితే చెక్కంతా చెదలు, థర్మకోల్‌లో చీమలు తొలిచిన సొరంగాలు, వెనక గోడ నల్లగా బూజు. జరిగింది ఇది: వానాకాలంలో బయటి గాలిలో తేమ నిండా ఉంటుంది. గోడ ఆ తేమను పీల్చుకుని లోపలికి పంపుతుంది. మామూలుగా అయితే అది గదిలోకి వచ్చి ఆరిపోయేది. నేను అడ్డం పెట్టాను, పైగా ఏసీతో ఆ అడ్డాన్ని చల్లగా ఉంచాను. చల్లటి చెంబుకు చెమట పట్టినట్టు ప్లైవుడ్ వెనక చెమట పట్టింది. ఎండ పడదు, గాలి ఆడదు, చెదలకు తిండి, నీళ్లు, చీకటి అన్నీ సమకూర్చింది నేనే. మా ఆవిడ ఇప్పటికీ ఆ గోడను "మీ ఇంజినీరింగు" అంటుంది.

జిప్సం బోర్డు ప్లైవుడ్ కన్నా నయం కదా అంటారేమో. చెదలు జిప్సం పిండిని తినవు, దాని మీది కాగితాన్ని తింటాయి. తడి తగిలితే బోర్డు అడుగు మెత్తబడి ఊడుతుంది. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో మన కాలనీల్లోకి ఎలా నీళ్లొచ్చాయో మీకు తెలుసు. మోకాలి లోతు నీళ్లు ఒక్క రోజు నిలిస్తే ఇటుక గోడ కడిగి ఆరబెట్టుకుంటే సరిపోతుంది, జిప్సం బోర్డు వెనక థర్మకోల్ ఉన్న గోడను మాత్రం మొత్తం పీకాల్సిందే. ఇంకోటి, నిప్పు. థర్మకోల్ అంటుకుంటే నల్లటి పొగ ఊపిరాడనివ్వదు. స్విచ్‌బోర్డు వైర్లు దాని మధ్య నుంచి పోయే గదిలో వయసు మళ్లినవాళ్లు పడుకుంటారంటే నాకు టెన్షనే.

పెయింట్ సంగతి రెండు మాటల్లో. ఎండను వెనక్కి కొట్టే తెల్ల పెయింట్ బయటి ముఖానికి వేస్తే పనిచేస్తుంది, ఎండ తగిలేది అక్కడే కాబట్టి. అదే డబ్బా లోపల వేస్తే అది మామూలు పెయింట్. సిరామిక్ పూసలున్నాయి, నాసా టెక్నాలజీ అంటారు. అర మిల్లీమీటరు మందం పొర, ఎంత గొప్ప పదార్థమైనా, మీ గోడకు ఇంకో 8 మిల్లీమీటర్ల ఇటుక అతికించినంత పని చేస్తే గొప్ప. మీ గోడ ఇప్పటికే 230 మిల్లీమీటర్లుంది.

మీ పడమటి గోడకూ కాంపౌండ్ గోడకూ మధ్య మూడడుగుల సందు మీదేనని రాశారు. అదృష్టవంతులు. చాలామంది గోడ హద్దు మీదే ఉంటుంది, బయట అంగుళం కూడా పక్కవాళ్లది. సందు మీదే కాబట్టి మూడు దారులున్నాయి.

అన్నిటికన్నా తేలిక గోడకు నీడ. గోడకు అడుగు దూరంలో ఇనుప యాంగిల్స్ పాతి, వాటికి గ్రీన్ నెట్ గానీ సిమెంట్ బోర్డు గానీ బిగించడం. కిందా పైనా తెరిచి ఉంచితే మధ్యలో వేడెక్కిన గాలి పైకి పోతుంది, కింద నుంచి కొత్త గాలి వస్తుంది. తీగ పాకించొచ్చు కూడా, బీర, చిక్కుడు ఏదైనా. మే నెలలో ఆకు నిలవాలంటే రోజూ నీళ్లు కావాలి, నల్లా నీళ్ల పరిస్థితి చూసుకుని ఆ ముచ్చట పడండి. తీగను నేరుగా గోడకే పాకించకండి, కొన్ని తీగల వేళ్లు ప్లాస్టరింగ్‌లోకి దిగుతాయి.

రెండో దారి నాకు ఇష్టమైనది: ఇప్పుడున్న గోడకు బయట ఒకటిన్నర అంగుళం ఖాళీ వదిలి నాలుగంగుళాల ఏఏసీ బ్లాకులతో తొడుగు గోడ. ఇష్టం ఎందుకంటే ఇది మన మేస్త్రీలందరికీ వచ్చిన పని. మామూలు గోడ కట్టడమే. ఇలా చేస్తే గోడ గుండా వచ్చే వేడి సగం కన్నా తక్కువకు పడిపోతుంది. కానీ గాలిలో నిలబెట్టలేం కదా, కింద దానికి సొంత పునాది కావాలి, అడుగున్నర లోతు తవ్వి బెడ్ కాంక్రీటు వేస్తే ఒక అంతస్తుకు సరిపోతుంది. తవ్వేటప్పుడు పాత పునాదిని గిల్లొద్దని మేస్త్రికి గట్టిగా చెప్పండి, మూడు మూడు అడుగులుగా తవ్వి పూడ్చుకుంటూ పోవాలి, ఒకేసారి పొడుగునా తవ్వేయకూడదు. నేల నుంచి ఒక అడుగు ఎత్తు దాకా ఏఏసీ వద్దు, మామూలు గట్టి ఇటుకో రాయో పెట్టండి, ఎందుకంటే ఏఏసీ నీళ్లను స్పాంజిలా తాగుతుంది, వాన చినుకులు నేల మీద పడి చిందేది ఆ అడుగులోనే. ప్రతి రెండడుగులకు ఒక జీఐ పట్టీతో (తుప్పు పట్టకుండా జింకు పూత పూసిన ఇనుప పట్టీ) పాత గోడకు కట్టేయాలి. ఖాళీలో సిమెంటు మాలు పడనివ్వకూడదు, పడితే అది వంతెనలా మారి వేడినీ తడినీ రెంటినీ దాటిస్తుంది. పైన మూసేసి, కింద అక్కడక్కడా నీళ్లు కారే చిన్న బెజ్జాలు వదలండి. ఒక ఆదివారం పోయి ఆ ఖాళీలోకి టార్చిలైటు వేసి మీరే చూడండి, మేస్త్రి మాట మీద వదలకండి.

మూడోది గోడకు బయట నేరుగా రెండంగుళాల థర్మకోల్ అతికించి, మీద ఫైబర్ మెష్‌తో సన్నని ప్లాస్టరింగ్. లెక్క ప్రకారం దీన్ని మించింది లేదు, వేడి నాలుగో వంతుకు తగ్గుతుంది. చలి దేశాల్లో ఇదే పద్ధతి. మన దగ్గర ఇది తెలిసిన పనివాళ్లు తక్కువ, అందుకే దీన్ని ఏఏసీ తొడుగు తర్వాత పెట్టాను. చేయిస్తే కొన్ని సంగతులు పట్టుకోండి. టీవీ డబ్బాల్లో వచ్చే ప్యాకింగ్ థర్మకోల్ కాదు, ఘనపు మీటరుకు 20 కిలోల సాంద్రత ఉన్నది, మంట దానంతటదే ఆరిపోయే రకం అడగండి. తలుపుల సన్‌మైకాకు వాడే రబ్బరు గమ్‌తో అతికించబోతారు, ఆ గమ్ థర్మకోల్‌ను కరిగించేస్తుంది, మీ కళ్లముందే గుంటలు పడతాయి. పాలిమర్ కలిపిన సిమెంటు గమ్ వాడాలి, అదీ షీటు అంచుల చుట్టూ పూర్తిగా రాసి, మధ్యలో నాలుగు ముద్దలు పెట్టాలి. మధ్యలో ముద్దలు మాత్రమే పెడితే వెనక గాలి తిరుగుతుంది, ఇన్సులేషన్ వృథా. షీట్లను ఇటుక వరసల్లా జాయింట్లు కలవకుండా పేర్చాలి. చదరపు మీటరుకు అయిదారు ప్లాస్టిక్ యాంకర్లు. షీట్ల మధ్య సందుల్లో సిమెంటు నింపకూడదు, థర్మకోల్ ముక్కలే దూర్చాలి. మెష్ ఒకదాని మీద ఒకటి నాలుగంగుళాలు ఎక్కాలి, కిటికీ మూలల్లో ఐమూలగా అదనపు ముక్క పెట్టకపోతే ఏడాదిలో అక్కడ పగులు ఖాయం. నేల నుంచి అడుగు వదిలి మొదలుపెట్టాలి, చెదలు కనబడకుండా పైకెక్కకుండా. రంగు లేతది. ముదురు రంగు వేస్తే లోపల థర్మకోల్ మెత్తబడేంత వేడెక్కుతుంది. ఏసీ బయటి యూనిట్ బ్రాకెట్‌ను థర్మకోల్ మీద కాకుండా వెనక ఇటుక దాకా పోయే పొడుగు బోల్టులతో బిగించాలి. పని జనవరి, ఫిబ్రవరిలో పెట్టుకోండి. మే ఎండలో ఆ సన్నని ప్లాస్టరింగ్ ఆరేలోపే పగుళ్లిస్తుంది.

ఏ దారి పట్టినా ముందు గోడలో తడి ఉందో లేదో చూడాలి. రెండడుగుల చదరం ప్లాస్టిక్ కవరు ముక్కను లోపలి గోడకు నాలుగు అంచులా టేపుతో గాలి చొరబడకుండా అతికించి రెండు రోజులు వదలండి. కవరు వెనక, గోడ వైపు నీటి చుక్కలు కనబడితే గోడలోనే తడి ఉంది. స్లాబ్ లీకో, బాత్రూం పైపో, పునాది నుంచి ఎక్కే చెమ్మో కనిపెట్టి అది ఆపాకే మిగతాది. తడి గోడ పొడి గోడ కన్నా వేడిని బాగా మోస్తుంది కూడా, అంటే చెమ్మ ఆపడమే సగం ఇన్సులేషన్.

ఇప్పుడు మీ ముందు అర్రలు. వాటి జోలికి పోకండి. రాతి గోడ చల్లన అని అందరూ అంటారు, దానికి కారణం రాయి వేడిని ఆపడం కాదు. నిజానికి మన గ్రానైటు రాయి ఇటుక కన్నా మూడు రెట్లకు పైగా వేగంగా వేడిని లాగుతుంది. అయితే 18 అంగుళాల గోడ బరువు ఎక్కువ, అంత బరువును వేడెక్కించడానికే ఎండకు పగలంతా పడుతుంది. అది కాగేలోపు పొద్దు గూకుతుంది. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ దాకా ఈ ఆట గోడే గెలుస్తుంది. మే చివరి వారాల్లో రాత్రిళ్లు కూడా 30 డిగ్రీలకు దిగనప్పుడు గోడకు చల్లారే అవకాశం దొరకదు, అప్పుడు ఆ అర్రలు కూడా ఉడికిపోతాయి. దానికి మందు రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా కిటికీలు తెరిచి ఉంచి, ఎండెక్కకముందే మూసేయడం. పాతకాలం వాళ్లు వేసవిలో చేసింది అదే.

ఆ గోడలకు సిమెంటు ప్లాస్టరింగ్ అని ఎవరన్నా చెబితే టీ ఇచ్చి పంపేయండి. మట్టితో కట్టిన గోడకు పునాదిలో చెమ్మ ఆపే పొర ఉండదు. నేలలోని నీరు కొద్దికొద్దిగా గోడలోకి ఎక్కుతూ, కింది రెండడుగుల్లో బయటికి ఆరిపోతూ ఉంటుంది. సిమెంటు పూస్తే ఆరే దారి మూసుకుపోయి చెమ్మ ఇంకా పైకి ఎక్కుతుంది. ముందు ఉప్పు పూస్తుంది, తర్వాత సిమెంటు పెచ్చు ఉబ్బుతుంది, లోపల మట్టి నానితే గోడ కడుపుతో ఉన్నట్టు బయటికి వస్తుంది. వరంగల్ కరీమాబాద్‌లో ఒక ఇంటి గోడ ఇలాగే ఉబ్బితే నేను సపోర్టులు పెట్టించి విప్పించాను, సిమెంటు వెనక మట్టి చేత్తో తీస్తే పేస్టులా వచ్చింది. రిపేర్లుంటే సున్నం, ఇసుకతోనే చేయించండి. డంగు సున్నం తొక్కించేవాళ్లు ఇప్పుడు తక్కువే, అయినా వారం రోజులు నీళ్లలో నానబెట్టిన సున్నం ముద్దతో ఓపికగల సుతారి చేస్తే సరిపోతుంది. పెంకుల కింద మాత్రం వెదురు తడకలతో ఒక సీలింగ్ వేయించుకుంటే బాగుంటుంది, పెంకుకూ తడకకూ మధ్య గాలి చూరు వైపు బయటికి పోయేలా వదలాలి.

ఖర్చులు అడిగారు గానీ అంకెలు రాయను, సందు వెడల్పు చూడకుండా, స్లాబ్ ఎక్కకుండా చెప్పే కొటేషన్ ఎవరిదైనా నమ్మొద్దని నేనే అంటుంటాను. వరస మాత్రం తిరగేయకండి: ఈ ఫిబ్రవరిలో స్లాబ్ తెలుపు, కిటికీకి బయటి తడక. మే నెలలో థర్మామీటర్ కాగితం. గోడ ఇంకా మిగతావాటి కన్నా నాలుగైదు డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంటే, వచ్చే జనవరిలో ఏఏసీ తొడుగు.

కూలర్ సంగతి. ఏసీ గదిలో దాన్ని వాడకండి, తలుపులు మూసి కూలర్ వేస్తే గది చెమ్మ అవుతుందే గానీ చల్లబడదు. తీసేయొద్దు కూడా. ముందు అర్రల ఉత్తరపు కిటికీకి బయట పెట్టి, ఎదురు గోడ కిటికీ జానెడు తెరిచి, రాత్రి పదింటి నుంచి తెల్లవారే దాకా నడిపించండి. మనుషుల కన్నా ఆ రాతి గోడలకే ఆ చల్లగాలి ఎక్కువ అవసరం. జూన్‌లో మొదటి వానలు పడగానే ఆపేయండి, అప్పటికి గాలిలోనే నీళ్లుంటాయి, అది చల్లబరిచేది ఏమీ ఉండదు.